శిథిలములలో విద్యాభ్యాసము

పిల్లలకు చరిత్ర నేర్పుటకు పుస్తకములకంటె పాదరక్షలే ప్రశస్తమైన సాధనములని నమ్మెడి తలిదండ్రులు, నడివేసవి యెండలో, తమ సంతానమును వెంటబెట్టుకొని ఇటలీలోని ప్రాచీన పాంపే నగరద్వారముకడ బారులు తీరుట నేడొక విద్యావిధానముగా పరిణమించినది. దినమునకు 20,000 మందికి మించి లోనికి విడువరాదని 2024లో అధికారులు కట్టడి చేయవలసివచ్చెననగా, ఈ జ్ఞానపిపాసువుల సందోహ మెంతటిదో ఊహించుకొనవచ్చును.

రాతిబాటలపై బండిచక్రములు దొలిచిన గాడులను చూపి తండ్రి రోమనుల నిర్మాణకౌశలమును కీర్తించుచుండగా, కుమారుడు గోడపగులులో దూరిన బల్లి మరల నెప్పుడు వెలికి వచ్చునాయని తపస్సు చేయుచుండును. (ఆ యిరువురిలో పరిశోధకుడెవ్వరో పాఠకులే నిర్ణయింతురుగాక!) కుమార్తె గోడపై తన పేరు గీయబోగా తల్లి కన్నెఱ్ఱజేసి వారించును, ఆ యూరి గోడలపైననే ఆనాటి పోకిరులు గీకిన గీతలను చదువుటకు మహాపండితులు జీవితములను ధారవోసిరను సంగతి మాత్రము చెప్పదు.

పిమ్మట మృతుల వంతు. 1863లో త్రవ్వకముల అధ్యక్షుడైన ఫియొరెల్లి, గట్టిపడిన బూడిదలో దేహములు నశించి మిగిలిన బోలులయందు ప్లాస్టరు పోయించి, ప్రాణములు విడుచుచున్నవారి ఆకృతులను యథాతథముగా వెలికిదీయించెను. ముఖము కప్పుకొని ముడుచుకొనిన యట్టి ఆకృతిముందు కుటుంబమంతయు భుజములు కలిపి నిలిచి, పండ్లన్నియు కనబడునట్లు నవ్వి, సెల్ఫీ తీసికొనును. శవము లేవని యింట నిట్లు నవ్వినవానికి వీపు పగులుట నిశ్చయము; చావునకు ఎన్ని శతాబ్దులు నిండినచో అది వేడుకగా మారునో ధర్మశాస్త్రవేత్తలు సెలవీయవలయును.

ఇంతకును, క్రీ.శ. 79లో ఈ నగరమును బూడిదలో పూడ్చిన వెసూవియసు అగ్నిపర్వతము నిప్పులు గ్రక్కుచుండగా, మిసేనమున నౌకాదళాధిపతిగా నుండిన ప్లినీ, ఆ వింతను దగ్గరనుండి చూతము రమ్మని 17 ఏండ్ల మేనల్లుని పిలిచెను. చదువుకొనవలసియున్నదని చెప్పి ఆ కుఱ్ఱవాడు కదలలేదు. వింతకై బయలుదేరి, ఆపన్నుల మొర విని రక్షింపబూనిన మేనమామ స్టాబియే తీరమున మరణించెను. ఇంట నిలిచిన మేనల్లుడు తరువాతికాలమున చరిత్రకారుడైన టాసిటసునకు వ్రాసిన రెండు లేఖలే ఆ విపత్తునుగూర్చి కన్నవాడు వ్రాసినవిగా లోకమునకు దక్కినవి.

కావున, అయ్యలారా, అమ్మలారా! ప్రయాణమగు ఉదయమున మీ పిల్లవాడెవడైన హోటలుగదిలో పుస్తకము పట్టుకొని కూర్చుండెదనన్నచో, వానిని చెవిబట్టి రైలెక్కింపకుడు. పదునెనిమిదేండ్లలోపు వారికి పాంపేలో ప్రవేశము ఉచితమే గనుక, మీకు ధననష్టము సైతము కలుగదు.