రెండు చెంచాల నీళ్లు

పై అంతస్తు వాళ్లు శ్రావణంలో గృహప్రవేశం చేసుకున్నారు. ఇలాంటి చోట్ల తాంబూలంతోపాటు ఇచ్చేది ఏమిటో విప్పకుండానే చెప్పేయగలనని నాకో పేరుంది. సంచి తేలిగ్గా ఉంటే జాకెట్ ముక్క, గలగలమంటే కుంకుమభరిణె, మూల పొడుచుకొస్తే స్టీలు డబ్బా. ఈసారి అంచనా తప్పింది. ఇంటికొచ్చి విప్పితే టీకప్పంత తెల్లటి పింగాణీ కుండీ, అందులో బొటనవేలంత మొక్క.

ముదురాకుపచ్చ ఆకులు. సూదుల్లా కనిపిస్తాయి కానీ గుచ్చుకోవు. ఒక్కో ఆకు వీపు మీద, ఎవరో తీరుబడిగా కూర్చుని బియ్యప్పిండితో పెట్టినట్టు తెల్లటి అడ్డచారలు. మట్టి కనబడకుండా రంగురంగుల గులకరాళ్లు. వాటి మధ్య గుచ్చిన చిన్న అట్టముక్క మీద ఒకే ముక్క: ‘వారానికి రెండు చెంచాల నీళ్లు చాలు.’

మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని చదివారు.

“రెండు చెంచాలేమిటే అమ్మాయ్? తీర్థమా?”

మాది కాకినాడ. ఇంటికొచ్చినవాళ్లు ‘చాలు’ అంటే ఆ మాటను మర్యాదకు అన్నట్టు లెక్కవేసి ఇంకో గరిటె వడ్డించడం మా వీధిలో అందరికీ అలవాటే. మా అత్తగారు అందులో ఆరితేరినవారు. అతిథి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే ఆవిడ వేళ్ల సందుల్లోంచి నెయ్యి వేస్తారు. అప్పుడాయన చేతులు కడుక్కోవడానికి లేస్తాడా, ‘లేచారు కదా, కూర్చోండి, పెరుగన్నం మిగిలిపోయింది’ అంటారు. అలాంటి ఇంటికి ‘నాకు రెండు చెంచాలు చాలు’ అంటూ ఓ ప్రాణి వచ్చింది. పైగా దానికి అడ్డం పెట్టుకోవడానికి చేతుల్లేవు.

వంటింటి కిటికీలో పెట్టాను. మొదటి నెల బాగానే ఉంది. మొక్క ఏమీ చేయలేదు. పెరగలేదు, వాడలేదు, తల తిప్పలేదు. ఉన్నట్టుండి దసరా ముందు ఓ పొద్దున చూస్తే అడుగు ఆకు ఒకటి ఉడికిన సగ్గుబియ్యంలా గాజురంగుకు తిరిగింది. వేలితో తాకితే ఊడి వచ్చేసింది. లోపల జిగట, అదొకరకం పులిసిన వాసన. మర్నాడు ఇంకో రెండు. మూడోనాడు నడిమి మొవ్వు పట్టుకుని మెల్లిగా కదిపాను. పండుమిరపకాయ తొడిమలోంచి ఊడినట్టు మొక్కంతా చేతిలోకి వచ్చేసింది. వేరన్నది లేదు.

గులకరాళ్లు తీద్దామంటే రావు. జిగురుతో అంటించారు! చాకుమొనతో ఆ రాళ్ల మూత లేపి కుండీ వంచితే చిన్న గ్లాసుడు నీళ్లు కారాయి. తిరగేసి చూద్దును కదా, అడుగున చిల్లు లేదు. మొక్క ఇన్నాళ్లూ మూతపెట్టిన చెంబులో మునిగి ఉందన్నమాట. పింగాణీ మాత్రం తళతళలాడుతోంది. చిల్లు లేని కుండీని ఎవడు కనిపెట్టాడో కానీ, వాడి చేత ఓ నెలరోజులు రబ్బరు బూట్లలో నీళ్లు పోసి నడిపించాలి.

అయినా వారానికి రెండు చెంచాలకి అన్ని నీళ్లెక్కడివి? విచారణ మొదలుపెట్టాను. పెద్దగా కష్టపడలేదు. ఈ ఇంట్లో పుణ్యకార్యాన్ని ఎవరూ దాచరు. అత్తగారు రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోస్తున్నారట, ‘ఊరికే నీళ్లలో బలమేముంటుంది’ అని. పనామె, ఎవరైనా సగం తాగి వదిలేసిన గ్లాసుల్ని కడిగేముందు అందులో వంచుతోందట. “తాగే నీళ్లు తూములో పోయకూడదు కదమ్మా.” మావారు ఇస్త్రీ బట్టల మీద చల్లే సీసా పట్టుకెళ్లి పొద్దున్నే దానికి ముఖం కడుగుతున్నారట. “మరి ఫ్రెష్‌గా ఉండొద్దూ?”

ముగ్గురినీ నిలబెట్టి దులిపేశాను. అప్పుడు మావారు మెల్లిగా, “మరి నువ్వో?” అన్నారు.

నేను అట్టముక్క చెప్పినట్టే చేశాను. కొలిచి రెండు చెంచాలు. కాకపోతే ఈ వారం పోశానో లేదో గుర్తుండక, ఎందుకైనా మంచిదని రోజూ పోశాను.

కార్తీకంలో రావులపాలెంలో పెళ్లి చూసుకుని రాజమండ్రి వైపు వస్తుంటే దారిలో కడియపులంక. అక్కడ కారు ఆపకుండా పోవడం మావారి తరం కాదు, ఎందుకంటే నేను పక్కన కూర్చుంటాను. రోడ్డుకు అటూ ఇటూ ఎక్కడ చూసినా నర్సరీలే. ఓ షేడ్‌నెట్ కింద, మా ఇంట్లో పోయిన మొక్కకు అక్కచెల్లెళ్లు ఓ వంద, వరుసగా కూర్చుని ఉన్నాయి. ఒకటి అడిగాను. నర్సరీ ఆయన ధర చెప్పలేదు, పిల్లనిచ్చేవాడిలా నన్ను ఎగాదిగా చూశాడు.

“ఇంట్లో పెద్దవాళ్లున్నారామ్మా?”

“మా అత్తగారున్నారు.”

“అయితే మనీప్లాంటు తీసుకెళ్లండి.”

అరగంట బతిమాలాక ఒప్పుకున్నాడు. మట్టికుండీ తెచ్చి అడుగు చిల్లులోంచి నా మొహం చూసి, ఆకాశం చూసి, సరేననుకున్నాడు. ముతక ఇసుక, నలగ్గొట్టిన ఇటుకముక్కలు, ఓ గుప్పెడు చివికిన ఎరువు కలిపి నాటాడు. అంత ఇసుక చూసి నా ప్రాణం ఉసూరుమంది. పునాదికి తవ్విన మట్టిలా ఉంది. “దీనికి పస ఉన్న మట్టి పడదమ్మా. నీళ్లు నిలబడకూడదు, అంతే.” మరి ఎంత పోయాలన్నాను. చీపురుపుల్ల ఒకటి విరిచి అడుగుదాకా గుచ్చి తీసి చూపించాడు. పుల్లకు తడి అంటితే కుండీ జోలికి వెళ్లొద్దు. పొడిగా వస్తే, చిల్లులోంచి కారేదాకా ఒక్కసారి నిండా పోసి వదిలేయాలి. రెండు చెంచాల లెక్క వట్టి మాటట. పైన తడుస్తుంది, కింది వేరుకు అందదు, నాలుక తడిపి పంపించడమే. నీళ్లు నిజంగా చాలకపోతే ఆకులు కాస్త సన్నబడతాయి, అప్పుడు పోసినా కోలుకుంటుందట. “ఎక్కువైతే మాత్రం ఎవరూ ఏం చేయలేరమ్మా” అన్నాడు. ఆ గొంతులో ఎన్ని చావులు చూసిన అనుభవమో!

ఇంటికొచ్చాక దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. సొంతూరు దక్షిణాఫ్రికా ఈస్టర్న్ కేప్. అక్కడ ఎండుగడ్డి, పొదల నీడన, రాళ్ల సందుల్లో ఒదిగి ఉంటుందట. అందుకే దీనికి వెలుతురు కావాలి కానీ నడినెత్తిన ఎండ వద్దు. కాకినాడ మే నెల ఎండలో పెడితే ఎర్రబారి పోతుంది, మనలాగే. ఏడ్రియన్ హార్డీ హవర్త్ అనే ఇంగ్లిష్ వృక్షశాస్త్రజ్ఞుడి పేరు మీద 1809లో వీటి ప్రజాతికి హవర్థియా అని పేరు పెట్టారు. 2013లో ఈ చారలదాన్ని ఆ ఇంట్లోంచి విడదీసి హవర్థియాప్సిస్‌లో కలిపారు. పెళ్లి లేదు, పేరంటం లేదు, రెండువందల ఏళ్ల తర్వాత ఇంటిపేరు మారిపోయింది. మా అత్తగారు మాత్రం దాన్ని ‘ఆ కలబంద పిల్ల’ అనే అంటారు. ఇది కలబందకు దగ్గరి చుట్టమేనని చదివాక ఆవిడ ముందు పుస్తకం మూసేశాను. ఒప్పుకుంటే ఇంక ఇంట్లో నాకు మాట ఉండదు.

అసలు వింత దాని ఊపిరిలో ఉంది. మామూలు చెట్లు పగలు ఆకుల్లోని రంధ్రాలు తెరుస్తాయి. ఎండలో తెరిస్తే లోపలి నీరు ఆవిరైపోతుందని ఇది పగలంతా నోరు మూసుకుని, రాత్రి తెరుస్తుంది. రాత్రి పీల్చిన బొగ్గుపులుసు గాలిని ఆమ్లంగా దాచుకుని, తెల్లవారాక కిటికీలన్నీ బిడాయించుకుని ఆ దాచినదానితో ఎండ వెలుగులో వంట చేసుకుంటుంది. దీన్ని శాస్త్రంలో క్యామ్ పద్ధతి అంటారు. పిల్లల్ని మనం ‘కామ్‌గా కూర్చో’ అంటాం చూడండి, ఇంచుమించు అదే. హైదరాబాదులో అమెరికా వాళ్ల కోసం రాత్రి ఉద్యోగం చేసి, పగలు కర్టెన్లు వేసుకుని పడుకునే మా రెండోవాడు గుర్తొచ్చాడు. వాడికి మాత్రం పగలు ఏం పెట్టినా వంటబట్టదు.

ఈ సంగతి పట్టుకోవడంలో మన ఇళ్లలో పెరిగే రణపాలకు వాటా ఉందని తెలిసి ఎగిరి గంతేశాను. బెంజమిన్ హైన్ అని, మా పక్కనున్న సామర్లకోటలో రాక్స్‌బర్గ్ అనే ఆయన తర్వాత ఈస్టిండియా కంపెనీకి వృక్షశాస్త్రజ్ఞుడిగా పనిచేసినాయన. రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని రాశాడు. అది 1815లో లండన్‌లో అచ్చయింది. ఆయన ఒకే మొక్క ఆకును రోజుకు మూడుపూటలా నమిలాడని అర్థమైంది కదా. సామర్లకోట వాళ్లు అప్పట్లో ఏమనుకున్నారో!

మా పెరట్లోనూ రణపాల ఉంది. మర్నాడు ఐదింటికి లేచి, మొహం కూడా కడక్కుండా, చీకట్లో తడుముకుంటూ వెళ్లి ఆకు అంచు చిటికెడంత కొరికాను. అమ్మో! చింతచిగురు ఏ మూలకి? పళ్లు జివ్వుమన్నాయి. ఉమ్మేసి వచ్చాను. ఒంటిగంటకు అదే ఆకు ఇంకో పక్క కొరికితే వట్టి పచ్చిగడ్డి. సాయంత్రం మూడో కాటు వేస్తుండగా అత్తగారు పట్టుకున్నారు.

“కడుపులో రాళ్లేమైనా ఉన్నాయా అమ్మాయ్? చెప్పవేం?”

లేవన్నా నమ్మలేదు. ఆ రాత్రి నాకు ఉలవచారు.

ఇంతకీ మా వీధి గుమ్మానికి పోయిన ఉగాదికి కట్టిన కలబంద ఒకటి తలకిందులుగా వేలాడుతోంది. వేళ్లు పైకి, ఆకులు కిందికి. మట్టి లేదు, చినుకు తగలదు, పైగా వచ్చేపోయేవాళ్ల దిష్టంతా దాని మీదే. అది ఆకులు వంకర తిప్పుకుని మళ్లీ పైకి చూస్తూ, మధ్యలోంచి లేత మొవ్వు కూడా వేసింది. ముద్దుగా కిటికీలో కూర్చోబెట్టినది కుళ్లి చచ్చిపోతే, ఉరి తీసినట్టు కట్టినది పిల్లాపాపలతో ఉంది. ఎందుకంటే దాన్ని మనం పనికి కుదుర్చుకున్నాం కానీ భోజనానికి పిలవలేదు.

అందుకని కొత్త మొక్కకు కాపలా కట్టుదిట్టం చేశాను. పనామెకు వేరే బకెట్. మావారి సీసా ఇస్త్రీ బల్ల దగ్గర దారంతో కట్టేశాను. చీపురుపుల్ల నా దగ్గర. ఇక అత్తగారికి, “దానికి ఉపవాసదీక్ష అత్తయ్యా, భంగం చేస్తే పాపం” అని చెప్పాను. ఆవిడ నన్ను అనుమానంగా చూశారు కానీ దీక్ష అన్నాక కాదనలేరు. రోజూ కిటికీ దగ్గరికెళ్లి, “చిక్కిపోయిందే” అని నిట్టూర్చి వచ్చేవారు. శీతాకాలం గడిచింది. వేసవిలో ఆకులు కాస్త ముడుచుకుంటే చల్లటి నీడకు జరిపాను. బతికింది.

ఆషాఢంలో ఓ పొద్దున వంటింట్లోంచి అత్తగారి కేక. పరుగెత్తాను. తల్లి మొక్క పాదం దగ్గర ఇసుకను తోసుకుని, కందిగింజంత లేతపచ్చ పిలక. దానికీ అప్పుడే రెండు చారలు.

“ప్రసవించిందే అమ్మాయ్!”

నా గుండె గుభేలుమంది. అయిపోయింది, ఇప్పుడు పాలూ పెరుగూ మొదలు. అప్పటికే మావారు ఆనందం పట్టలేక నిండు గ్లాసుతో వచ్చేశారు. నేను నోరు తెరిచేలోపే అత్తగారి చేతికర్ర ఆయనకూ కుండీకీ మధ్య అడ్డంగా లేచింది.

“బాలింతకు నీళ్లేమిట్రా, బుద్ధి లేదూ? వాతం చేస్తుంది! నెల దాటేదాకా ఒక్క చుక్క పోశావంటే చూడు.”

మా రెండోవాడి పురుడు ఈ ఇంట్లోనే పోశారు. ఇరవై ఆరేళ్ల కిందట, నడివేసవి. నాలుక అంగిట్లో అతుక్కుపోతుంటే ‘ఒక్క గ్లాసు అత్తయ్యా’ అని బతిమాలుకున్నాను. ఆవిడ కాచి చల్లార్చిన నీళ్లు తెచ్చి చెంచాతో నోట్లో పోశారు. లెక్కపెట్టుకున్నాను కాబట్టి ఇప్పటికీ గుర్తుంది. రెండు.

ఆ మాట ఇప్పుడు ఎత్తలేదు. మావారి చేతిలో గ్లాసు లాక్కుని, ఆవిడ చూస్తుండగానే గటగటా తాగేశాను.