కురవిలో నా కొలువు: ఒక సీఎన్‌సీ రౌటర్ ఆత్మకథ

నన్ను 3018 అంటారు. నా కొలతలే నా పేరు. 30 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల వెడల్పు. అంతకు మించిన పని నా బల్ల మీద కుదరదు. అల్యూమినియం పట్టీల ఒళ్లు, మూడు స్టెప్పర్ మోటార్లు, నిమిషానికి పది వేల చుట్లు తిరిగే చిన్న స్పిండిల్, వెనక అరచేయంత సర్క్యూట్ బోర్డు. కొరియర్ డబ్బాలో విడివిడి ముక్కలుగా వచ్చి, మహబూబాబాద్ జిల్లా కురవిలో ఒక వడ్లవాళ్ల ఇంటి వసారాలో ఒక్కటయ్యాను. నా పక్కన బాడిశ, ఉలి, రందా ఉంటాయి. వాటిని పట్టేది తాత. నన్ను నడిపేది వరంగల్‌లో డిప్లొమా చదివి వచ్చిన మనవడు.

మా వంశం పాతదే. అమెరికాలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టర్ రెక్కల ఆకారాన్ని అంకెలతో కొలిచి కోయాలని తలపెట్టాడు. ఆ ఆలోచన ఎంఐటీ చేతికి వెళ్లి, 1952లో మా మూలపురుషుడు పనిలోకి దిగాడు. చిల్లులు పొడిచిన కాగితం టేపు చదువుకుంటూ లోహాన్ని కోసేవాడట. ఒక గది నిండా పట్టే ఒళ్లు ఆయనది. నాదేమో పీట మీద పట్టే ఒళ్లు, 32 కిలోబైట్ల చిప్‌లో ఇమిడే మెదడు. ఆ మెదడు పేరు జీఆర్‌బీఎల్. 2009లో సిమెన్ స్వాలె స్కొగ్స్‌రుడ్ అనే నార్వే దేశస్థుడు మొదలుపెట్టి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశాడు. అంటే నా బుర్రే పైసా ఖర్చు లేకుండా వచ్చింది. మరి ఆ బుర్రకు పని చెప్పే సాఫ్ట్‌వేర్ మాటేమిటి? ఇంట్లో చర్చంతా అక్కడే మొదలైంది.

నాకు బొమ్మ తెలియదు. నెమలి అయినా, గుర్రపు నాడా అయినా నాకు ఒకటే. నాకు తెలిసింది దారి. ఆ దారిని రాసే భాష పేరు జీకోడ్. "జీ21" అంటే మిల్లీమీటర్లలో కొలుచుకోమని. "జీ1 ఎక్స్20 వై15 ఎఫ్400" అంటే నిమిషానికి 400 మిల్లీమీటర్ల వేగంతో ఆ చోటికి గీత పట్టుకొని పొమ్మని. నా మోటారు ఒక చుట్టును 200 అడుగులుగా వేస్తుంది. డ్రైవరు ఒక్కో అడుగును 16గా చీలుస్తుంది. ఒక చుట్టుకు నా స్క్రూ 4 మిల్లీమీటర్లు జరుగుతుంది. లెక్క కడితే మిల్లీమీటరుకు 800 అడుగులు. ఇంత సన్నగా నడవగలను గానీ, ఎటు నడవాలో ఎవరైనా చెప్పాలి.

"మిషను కొన్నవు సరే, బొమ్మ ఎవలు గీస్తరు?" అని తాత మొదటి రోజే అడిగాడు.

మనవడు విడమరిచి చెప్పాడు. గీయడానికి ఒకటి, అది క్యాడ్. గీతను నా దారిగా మార్చేది ఇంకొకటి, అది క్యామ్. ఆ దారిని వరుసవారీగా నా చెవిన వేసేది మూడోది, సెండర్. మూడోదానికి చింత లేదు. క్యాండిల్, యూజీఎస్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. మొదటి రెండింటి దగ్గరే పర్సు తీయాల్సి వస్తుంది.

ముందుగా వచ్చిన సలహా ఒక డోర్ డిజైన్ దుకాణం నుంచి. "ఆర్ట్‌క్యామ్ కాపీ ఉంది, పెన్‌డ్రైవ్ పట్టుకరా" అన్నారు. తెలుగు రాష్ట్రాల్లో మెయిన్ డోర్ మీద వెంకన్ననో వినాయకుణ్ణో చెక్కే మా పెద్దన్నలు చాలామంది ఏళ్ల తరబడి ఆ పేరు మీదే బతికారు. కానీ ఆటోడెస్క్ సంస్థ 2018లోనే ఆర్ట్‌క్యామ్‌ను ఆపేసింది. దాని వారసత్వం కార్వెకో అనే కొత్త పేరుతో, నెలనెలా చందా కట్టే దారిలో నడుస్తోంది. పెన్‌డ్రైవ్‌లో దొరికేది తాళం పగలగొట్టిన పాత కాపీ. వెంట ఏ వైరస్ వస్తుందో తెలియదు, చెడితే అడగడానికి ఎవరూ ఉండరు. తాతకు ఈ సాంకేతిక సంగతులు అక్కర్లేకపోయాయి. ఆయన అడిగింది ఒక్కటే.

"నేను చేసిన దర్వాజ ఫోటో గుంజుకపోయి, ఎవడో గదే చేసి తనదంటె నాకెట్లుంటది?"

ఆ మాటతో పెన్‌డ్రైవ్ సంగతి ముగిసింది.

తర్వాత మనవడి కళ్లు వెక్ట్రిక్ మీద పడ్డాయి. ఇంగ్లండ్ కంపెనీ. వాళ్ల వీకార్వ్, ఆస్పైర్ నా వంటి రౌటర్లకు పెట్టింది పేరు. ఒక్కసారి కొంటే మనదే, నెల చందా లేదు. కానీ వీకార్వ్ డెస్క్‌టాప్‌కే వందల డాలర్లు. ఆస్పైర్ 2,000 డాలర్లకు దగ్గర, మన లెక్కలో లక్షన్నర దాటుతుంది. నా ఖరీదుతో పోలిస్తే ఎన్నో రెట్లు! ట్రయల్ తెచ్చి చూశాడు. గీయనిస్తుంది, దారి వేయనిస్తుంది, తెర మీద చెక్కి చూపిస్తుంది. సొంత బొమ్మకు జీకోడ్ మాత్రం బయటికివ్వదు. రోజూ తలుపులు చెక్కి అమ్మేవాళ్లకు ఆ డబ్బు ఏడాదిలో తిరిగొస్తుందేమో. సాయంత్రం పూట నేమ్‌ప్లేటు చెక్కుకునే ఇంటికి అది బరువే.

ఫ్యూజన్ సంగతి వేరు. సొంత సరదాకు వాడుకునేవాళ్లకు ఆటోడెస్క్ దాన్ని ఉచితంగానే ఇస్తుంది. 3డీ మోడల్, నా దారి, రెండూ ఒకే చోట. అయితే 2020లో ఆ ఉచితానికి గీతలు గీసింది: ఒకేసారి పది డాక్యుమెంట్ల మీద మాత్రమే పని చేయవచ్చు, యంత్రం వట్టి గాలిలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వేసే వేగపు పరుగు ఉండదు. ఈ రెండోది నా కాళ్లకు సంబంధించిన విషయం కనుక చెబుతున్నా. బిట్టు చెక్క మీద లేనప్పుడు నేను "జీ0" అనే మాటతో ఒక్క ఉరుకు ఉరుకుతాను. అది తీసేస్తే ఖాళీ చోట కూడా కోత నడకే. చిన్న ముక్కకు తేడా తెలియదు. చిల్లులే చిల్లులుగా ఉండే జాలీలో ప్రతి చిల్లు దగ్గరా ఎక్కుతూ దిగుతూ పూట గడిచిపోతుంది.

తాత అక్కడా ఒక ప్రశ్న వేశాడు. "ఇయ్యాల ఉత్తగ ఇస్తున్నరు. రేపు వద్దంటె, మనం గీసిన బొమ్మలు మనయేనా?" మనవడు దాన్ని కొట్టిపారేయలేదు. కాలేజీలో నేర్చుకున్న ఆటోక్యాడ్ కూడా చదువు లైసెన్సు ఉన్నంతకాలమే చేతిలో ఉంది. ఆనాటి నుంచి అతను ఏ సాఫ్ట్‌వేర్ చూసినా ధర కంటే ముందు ఫైలును ఏ రూపంలో దాస్తుందో చూడడం మొదలుపెట్టాడు. డీఎక్స్‌ఎఫ్, ఎస్‌వీజీ, స్టెప్, ఎస్‌టీఎల్: ఈ నాలుగింటిలో దాచిన బొమ్మను రేపు ఇంకో సాఫ్ట్‌వేర్ అయినా తెరుస్తుంది.

అసలు వడపోత మాత్రం అక్షరం దగ్గర జరిగింది. మా ఇంటికి వచ్చే పనుల్లో ఎక్కువ ఇంటి పేర్లే. "శ్రీ వీరభద్ర నిలయం" అని చెక్కమని ఒకరు అడిగారు. మనవడు ఒక క్యాడ్‌లో ఆ మాట కొట్టగానే "శ్రీ" విడిపోయి శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం వేరువేరుగా తెర మీద నిలబడ్డాయి. "భద్ర"లో దకారం కింద చేరాల్సిన క్రావడి పక్కకు వచ్చి కూర్చుంది. చాలా క్యాడ్‌లు ఇంగ్లిషు అక్షరాల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చడమే నేర్చాయి. తెలుగుకు అది చాలదు. ఏ ఒత్తు ఎక్కడ చేరాలో తేల్చే పొర ఒకటి లోపల ఉండాలి.

ఈ ఊరికి అక్షరం సంగతి చెప్పాలా? ముదిగొండ చాళుక్యుల నాటి తెలుగు శాసనం దొరికిన కొరవి ఇదే. వెయ్యేళ్ల కిందట ఉలితో రాతి మీద తెలుగు నిలిపిన ఊళ్లో, ఒత్తు ఊడిన నేమ్‌ప్లేటును తాత గడప దాటనిస్తాడా! "అక్షరం సక్కగ రాకుంటె చెక్క ముట్టద్దు" అన్నాడు.

ఇంక్‌స్కేప్ ఆ పరీక్షలో నెగ్గింది. అది క్యాడ్ కాదు, గీతల బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్; ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. యూనికోడ్ తెలుగు కొడితే ఒత్తులు ఉండాల్సిన చోటే ఉంటాయి. రామభద్ర, మల్లన్న, మండలి వంటి ఫాంట్లు ఎలాగూ ఉచితమే. మాట కొట్టాక అక్షరాలను గీతలుగా మార్చేస్తే ఇక ఫాంటుతో పని లేదు. ఏ క్యామ్‌లోకి తీసుకెళ్లినా విడిపోవు. ఆ గీతలను డీఎక్స్‌ఎఫ్‌గా దించి ఎఫ్-ఎన్‌గ్రేవ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఇస్తాడు మనవడు. అది వి-బిట్టుతో చెక్కే దారి వేస్తుంది.

ఆ చెక్కుడు ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. నా బిట్టు మొన 60 డిగ్రీలది. అక్షరం గీత లావుగా ఉన్నచోట లోతుకు దిగుతాను, సన్నబడ్డచోట పైకి లేస్తాను. 4 మిల్లీమీటర్ల గీతకు మూడున్నర మిల్లీమీటర్ల లోతు. 1 మిల్లీమీటరు గీతకు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. తలకట్టు కొసన తేలిపోతాను, సున్నా కడుపులో మునుగుతాను. అందుకే ఉలితో కొట్టినట్టే అంచులు తేలుతాయి. తెలుగు గుండ్రాలు నాకు కష్టమే. ఒక్కో వంపు వందల చిన్న గీతలుగా వస్తుంది. నేను రాబోయే పదిహేను పదహారు కదలికలనే ముందుగా చూడగలను. కంప్యూటరు ఆలస్యం చేస్తే వంపు నడుమ ఆగుతాను, ఆగినచోట బిట్టు తిరిగి తిరిగి టేకు మాడుతుంది. కాబట్టి అక్కర్లేని చుక్కలను ఇంక్‌స్కేప్‌లోనే తీసేసి గీతను తేలిక చేస్తాడు.

ఒకసారి స్నేహితుడి దగ్గర తెచ్చిన పాత ఎస్‌వీజీ ఫైలు తెరిచాడు. 240 మిల్లీమీటర్ల పలక అని చెప్పిన బొమ్మ అది. కోతకు ముందు నన్ను చెక్కకు పైన, గాలిలోనే అంచు చుట్టూ తిప్పడం ఇంటి అలవాటు. తాత స్కేలు పెట్టి చూశాడు. 225 వచ్చింది.

"పదిహేను మిల్లీమీటర్లు ఎటు పోయినయ్‌రా?"

పోయింది కొలమానంలో. ఇంక్‌స్కేప్ పాత రోజుల్లో అంగుళానికి 90 చుక్కలు లెక్కపెట్టేది. వెబ్ ప్రమాణానికి తగ్గట్టు 2017 నాటి 0.92 వెర్షన్ నుంచి 96 అయింది. పాత లెక్కన గీసింది కొత్త లెక్కన తెరిస్తే పదహారో వంతు తరుగుతుంది. టేకు ముక్క మాత్రం దక్కింది. ఉచిత సాఫ్ట్‌వేర్ వాడే ఇంట్లో స్కేలు, పనికిరాని ప్లైవుడ్ ముక్క తప్పనిసరి సామాను.

కొలతల పనికి మనవడు రెండింటిని ఉంచుకున్నాడు. కిటికీ జాలీ, కీలుకు గాడి, పెట్టె మూలల వంటి బల్లపరుపు గీతలకు లిబ్రెక్యాడ్. ఆటోక్యాడ్ అలవాటున్న చేతికి తొందరగా వస్తుంది. మందం, లోతు ఉన్న వస్తువులకు ఫ్రీక్యాడ్. నేర్చుకోవడం కష్టమే, మొదట్లో మనవడు మౌసు విసిరేసినంత పని చేశాడు. మోడల్లో ముందరి భాగాన్ని మారిస్తే దాని మీద కట్టిన భాగాలు తెగిపోవడం ఆ సాఫ్ట్‌వేర్‌కు ఏళ్ల నాటి జబ్బు. 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌లో అది చాలావరకు నయమైంది. నా వంటి యంత్రాలకు దారి వేసే క్యామ్ బెంచీ అందులోనే ఉంది, జీఆర్‌బీఎల్ భాషలో రాసిస్తుంది. తాతకు నచ్చిన గుణం ఇంకొకటి. చట్రం వెడల్పును ఒక గడిలో మారిస్తే కూసాలు, గాళ్లు, చిల్లులు అన్నీ దాని వెంట జరుగుతాయి. "ఇది నా మనసులెక్కే చేస్తుందిరా" అన్నాడు. ఆయన నోట సాఫ్ట్‌వేర్‌కు దక్కిన మొదటి మెప్పు అది.

ఇక మా ఊరి వీరభద్రస్వామి గుడిలో శివరాత్రి జాతర దగ్గరపడితే అందరికీ ఆ వీరభద్రుడే కావాలి. 2017లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వామికి బంగారు మీసాలు మొక్కు చెల్లించాక మీసాల మీద మోజు మరింత పెరిగింది. "స్వామి మీసం లేచి రావాలె" అంటారు. దానికి గీత చాలదు, ఉబ్బు కావాలి. మనవడు బ్లెండర్‌లో ముఖం మలిచి, ఎత్తుపల్లాలను నలుపు తెలుపు బొమ్మగా దించుతాడు. తెలుపు ఎత్తు, నలుపు లోతు. డీమ్యాప్2జీకోడ్ దాన్ని నా దారిగా మారుస్తుంది. రెండూ ఉచితమే. ఖర్చంతా నా కాలంలో ఉంది. 200 పొడవు, 150 వెడల్పు ముక్కను 0.2 మిల్లీమీటర్ల ఎడంతో దున్నాలంటే 750 వరుసలు, మొత్తం 150 మీటర్ల నడక. నిమిషానికి 800 మిల్లీమీటర్లు నడిస్తే మూడు గంటలు దాటుతుంది. నడుమ కరెంటు పోతే నేనెక్కడున్నానో మరిచిపోతాను. అందుకే మూలలో చిన్న చిల్లు గుర్తు పెట్టి, అక్కడి నుంచే మళ్లీ సున్నా పట్టిస్తారు.

కొత్తగా నా జాతివాణ్ణి కొనుక్కున్న కుర్రాళ్లు అప్పుడప్పుడు వసారాకు వస్తారు. "అన్నా, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అని మొదలుపెడతారు. మనవడు ఎదురు ప్రశ్న వేస్తాడు: "నువ్ చెక్కేది ఏంది?" పేర్లయితే ఇంక్‌స్కేప్, ఎఫ్-ఎన్‌గ్రేవ్ చాలు. కొలతల పెట్టెలైతే ఫ్రీక్యాడ్ మీద ఓపిక పెట్టాలి. రోజూ దేవుళ్ల తలుపులే చెక్కి బతికేవాడు వెక్ట్రిక్‌కు పైసలు కూడబెట్టుకోవడమే మేలు. మిగిలే కాలమే దాని ధర కడుతుంది. ఎవరు ఏది రాసి పంపినా నా చెవికి చేరేది అదే జీకోడ్. ఖరీదైన సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిందని ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కువ నిక్కచ్చిగా నడవను.

మొన్న నేమ్‌ప్లేట్ల పైసలు చేతికి వచ్చాక తాత లెక్క రాయించాడు. టేకు, బిట్లు, కరెంటు, వార్నిష్.

"ఆ బొమ్మ గీసే దానికెంత?"

"అది ఉత్తదే తాతా."

"చేసినోళ్లు ఉత్తగనే బతుకుతున్నరా?"

ఫ్రీక్యాడ్ వెనక బెల్జియంలో నమోదైన లాభాపేక్ష లేని సంఘం ఒకటి ఉందని, ఇష్టమైనవాళ్లు విరాళం పంపుతారని మనవడు చెప్పాడు. ఎంత పంపాలో తాతే తేల్చాడు: ఒక బిట్టు ఖరీదు. అంత అవసరం లేదని మనవడు నసిగితే, ఉలి అరుగు మీద పెట్టి అన్నాడు:

"దీన్ని సాగగొట్టిన కమ్మరికి పైసలిచ్చినం. వాళ్లకెందుకియ్యం? రాయి, లెక్కల రాయి."