బీకాంకు ప్రాక్టికల్స్!

బీకాంలో ప్రాక్టికల్స్ తక్కువని బాధపడేవాళ్లు తెలంగాణలో ఏ ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసు గదిలోకైనా తొంగిచూడాలి. సిలబసంతా అక్కడే కళ్లకు కడుతుంది.

‘రావలసిన ఆదాయం’ అంటే సర్కారు కడతానన్న ఫీజు రీయింబర్స్‌మెంట్. ‘చెల్లించవలసిన వ్యయం’ అంటే లెక్చరర్ల జీతాలు. ఈ రెంటికీ నడుమ, బిల్లు తర్వాత చెల్లిస్తామంటూ సర్కారిచ్చే టోకెన్ ఒకటుంది. అది నగదా, ఆస్తా, ఒట్టి ఆశా అన్న సంగతి 1494లో జంటపద్దు విధానాన్ని అచ్చేయించిన పాసియోలీకి కూడా తట్టలేదు. బకాయిల కోసం 2024లో కాలేజీలు తాళాలేసుకుంటే, ఆ తాళం కప్ప ఖర్చు ఏ పద్దులో రాయాలో ఇంకా తేలలేదు.

రాదనిపించే బాకీకి ముందే ఏర్పాటు చేసుకోమంటుంది పాఠ్యపుస్తకం. కానీ బాకీదారు సాక్షాత్తూ సర్కారాయె! ‘సంశయాత్మక బాకీ’ అని రాస్తే ధిక్కారం, ‘మంచి బాకీ’ అని రాస్తే అబద్ధం.

అయినా కొన్ని కాలేజీలు అంకణా (ట్రయల్ బ్యాలెన్స్) కుదిర్చే ఉపాయం కనిపెట్టాయి. ఫీజు వచ్చేదాకా పిల్లల టీసీలు, మెమోలు బీరువాలోనే!

అప్పు సర్కారుది, తాకట్టు విద్యార్థిది. ఇక డెబిట్ ఎవరికో, క్రెడిట్ ఎవరికో వేరే చెప్పాలా?