విల్‌కీ వెర్బ్‌కీ మధ్య మడి

ఇంగ్లీషులో మాట ఇవ్వడం అంత తేలిక కాదు. ‘ఐ విల్ డెఫినెట్లీ కమ్’ అని ఆఫీసు మెయిల్‌లో రాసి చూడండి. మీరు వస్తారా రారా అన్నది ఎవరికీ పట్టదు. విల్‌కీ కమ్‌కీ మధ్యలోకి డెఫినెట్లీ ఎలా దూరిందని పంచాయితీ పెట్టే పెద్దమనిషి మాత్రం ఒకడు తప్పకుండా తయారవుతాడు. ఆయన లెక్కలో విల్, దాని వెనక వచ్చే క్రియ మడి కట్టుకుని కూర్చున్న జంట. మధ్యలోకి క్రియావిశేషణం వచ్చిందో, వాక్యమంతా మైలపడిపోతుంది. అది వెళ్లి చివర, గుమ్మం బయట నిలబడాలి: ‘ఐ విల్ కమ్ డెఫినెట్లీ’. హమ్మయ్య, ఇంగ్లీషు బతికింది!

ఈ చాదస్తం ముదిరితే ఏమవుతుందో 2009 జనవరి 20న లోకమంతా టీవీలో చూసిందని చెప్పేవాళ్లున్నారు. వాషింగ్టన్‌లో బరాక్ ఒబామా ప్రమాణ స్వీకారం. చదివించేది ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. ప్రమాణమంతా కలిపి 35 మాటలు. అందులో రాజ్యాంగం రాసిపెట్టింది ‘ఐ విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’ అని. రాబర్ట్స్ గారు కాగితం లేకుండా, కంఠతా పట్టి వచ్చారు. తీరా సమయానికి ఫెయిత్‌ఫుల్లీని దాని చోటు నుంచి లేపి, ‘ఐ విల్ ఎగ్జిక్యూట్’ అంటూ మొదలుపెట్టి, దాన్ని వాక్యం చివరికి సాగనంపారు. ఒబామా ఒకప్పుడు లా కాలేజీలో రాజ్యాంగ పాఠం చెప్పినాయన. ‘ఐ విల్ ఎగ్జిక్యూట్’ దాకా అని ఠక్కున ఆగిపోయారు. న్యాయమూర్తి తడబడి, సర్దుకోబోయి, ఫెయిత్‌ఫుల్లీని ఈసారి ఎగ్జిక్యూట్ వెనక నిలబెట్టారు. ఇదెక్కడి గొడవ అనుకున్నారో ఏమో, ఒబామా మొదట విన్నట్టే దాన్ని చివర పెట్టి పని కానిచ్చారు. ఒక్క మాటకు రెండు చోట్లు. దానికి రాజ్యాంగం కేటాయించిన చోటు మాత్రం దక్కలేదు.

అమెరికా రాజ్యాంగం 20వ సవరణ ప్రకారం ఆ మధ్యాహ్నం 12 గంటలకే ఆయన అధ్యక్షుడైపోయారు. అయినా ఎందుకైనా మంచిదని మర్నాడు సాయంత్రం వైట్‌హౌస్ మ్యాప్ రూమ్‌లో మళ్లీ ప్రమాణం చేయించారు. ఈసారి చాలా నిదానంగా కానిద్దామన్నారు ఒబామా.

అది వట్టి మతిమరుపు అని అందరూ నవ్వి ఊరుకుంటే, భాషా శాస్త్రవేత్త స్టీవెన్ పింకర్ మాత్రం న్యూయార్క్ టైమ్స్‌లో వేరే మాట అన్నారు. తప్పు జ్ఞాపకశక్తిది కాదట, మడిదట. రాబర్ట్స్‌కు వ్యాకరణం పట్టింపు ఎక్కువ. అంతకుముందు ఏడాది ఒక కేసులో బాబ్ డిలన్ పాటను ఉదహరిస్తే, అందులోని ‘ఎయింట్’ కాస్తా మాయమైంది. అలాంటి మనిషికి విల్ పక్కన ఫెయిత్‌ఫుల్లీ కనబడితే నాలుక దానంతటదే దిద్దేసి ఉంటుందని పింకర్ వాదన. రాజ్యాంగాన్ని కాపాడాల్సిన పెద్దాయన రాజ్యాంగానికే ఎర్ర సిరా పూశారన్నమాట. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే.

ఇంతకీ ఈ మడి ఎవరు పెట్టారు? ‘టు’కూ దాని క్రియకూ మధ్య ఇంకో మాట రాకూడదని 19వ శతాబ్దపు పెద్దలు కొందరు సెలవిచ్చారు. కాంటర్‌బరీ డీన్ హెన్రీ ఆల్ఫర్డ్ 1864లో ఆ మాటే పుస్తకంలో అన్నారు. లాటిన్‌లో అక్కడ ఉండేది ఒకటే మాట, దాన్ని చీల్చలేం, కనుక ఇంగ్లీషులోనూ చీల్చకూడదన్న సమర్థన దానికి తోడైంది. లాటిన్‌లో భవిష్యత్ క్రియ కూడా ఒకే మాట. ఆ మాటకొస్తే మన ‘చేస్తాను’ కూడా అంతే. దాని నడుమ గుండుసూది కూడా దూరదు. అంతమాత్రాన ఖాళీ ఉన్న భాషను ఖాళీ ఎందుకుందని నిలదీస్తామా? చాదస్తానికి అంత ఆలోచన ఉంటే చాదస్తం ఎందుకవుతుంది! అది ‘టు’ దగ్గర ఆగకుండా విల్ దాకా పాకింది. సహాయక క్రియ పక్కన క్రియావిశేషణం ఉంటే తప్పేమీ లేదని ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో తేల్చిచెప్పాడు. మనవాళ్లు నెత్తిన పెట్టుకునే రెన్ అండ్ మార్టిన్ కూడా ఆల్వేస్, నెవర్ లాంటివి సహాయక క్రియ తర్వాతే రావాలంటుంది. పూజించడానికి పుస్తకం తెరవాల్సిన పనిలేదు కదా, తెరవలేదు.

మన రాజ్యాంగమూ ఈ మైలలోనే ఉంది. 60వ అధికరణంలో రాష్ట్రపతి ప్రమాణానికి ఇంగ్లీషు పాఠం ‘విల్ ఫెయిత్‌ఫుల్లీ ఎగ్జిక్యూట్’. వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి గద్దెనెక్కింది ఈ అధికరణం కిందే. మూడో షెడ్యూలులో మంత్రుల ప్రమాణమైతే మరీ అన్యాయం. విల్‌కీ డిశ్చార్జ్‌కీ మధ్య ‘ఫెయిత్‌ఫుల్లీ అండ్ కాన్షియెన్షస్లీ’ అని ఇద్దరిని కూర్చోబెట్టారు. అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ ‘అను నేను’ అనగానే చప్పట్లు కొట్టే జనం ‘అంతఃకరణ శుద్ధితో’ అని వినేది దాన్నే. మన పెద్దమనిషి రాజ్యాంగ సభలో లేకపోవడం దేశం చేసుకున్న పుణ్యం.

ఆయన సంచిలో రెండో తాయెత్తు కూడా ఉంది: షల్, విల్. ‘నేను’తో షల్ అంటే ఊరికే జరగబోయేది చెప్పడం, విల్ అంటే పంతం, ‘నువ్వు’తో అది తలకిందులు. 1653లో జాన్ వాలిస్ రాసిన వ్యాకరణం దీనికి మూలం. ఇంగ్లీషు గురించిన ఆ పుస్తకాన్ని ఆయన రాసింది లాటిన్‌లో. లెక్కల ప్రొఫెసరు కూడా. అనంతానికి మనం వాడే గుర్తు ఆయన పెట్టిందే. అనంతాన్ని వదిలిపెట్టిన మనిషి భవిష్యత్తుకు కంచె వేశాడు. ఆ కంచె లెక్కన 1940 జూన్ 4న చర్చిల్ ‘వియ్ షల్ నెవర్ సరెండర్’ అన్నది పంతం కానే కాదు, వాతావరణ సూచన! పైగా షల్‌కీ సరెండర్‌కీ మధ్య నెవర్ తిష్ఠ వేసింది. రెండు తప్పులున్న ఆ వాక్యం విని బ్రిటిష్ వాళ్లు వ్యాకరణం దిద్దుకోలేదు, యుద్ధం చేశారు.

ఈ గోలలో అసలు నేర్చుకోవాల్సింది అటకెక్కింది. ‘ఐ విల్ డెఫినెట్లీ కమ్’ అన్నది మామూలు మాట. రానని చెప్పాలంటే ఆ డెఫినెట్లీయే ముందుకు జరుగుతుంది: ‘ఐ డెఫినెట్లీ వోంట్’. వస్తావా అంటే పొట్టిగా ‘ఐ డెఫినెట్లీ విల్’ అనాలి. తిరగేసి ‘ఐ విల్ డెఫినెట్లీ’ అని ఆపితే వినేవాడు మిగతా ముక్క కోసం మీ నోటి వంక చూస్తాడు. ష్యూర్లీ ఇంకా గడుసుది. నమ్మకంగా చెబుతున్నామనుకుని దాన్ని వాక్యం మొదట్లో పెట్టి ‘ష్యూర్లీ యు విల్ కమ్’ అన్నారంటే, అవతలివాడికి మీ అనుమానమే వినబడుతుంది: వస్తావు కదూ, రాకుండా పోవు కదూ అని. ఇవి నేర్పాలంటే పిల్లలకు ఇంగ్లీషు వినిపించాలి, మాట్లాడించాలి. నిషేధం నేర్పడానికి బెత్తం చాలు.

మడి కట్టిస్తే మాటకు బలం వస్తుందన్న నమ్మకం ఇంకా ఉంటే, జేబులోంచి వంద నోటు తీయండి. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ అందులో ‘ఐ ప్రామిస్ టు పే’ అని సంతకం పెట్టారు. విల్ లేదు, షల్ లేదు, డెఫినెట్లీ అసలే లేదు. అయినా నోటు చెల్లుతోంది. మరో కాగితం మీద ‘ఐ విల్ పే డెఫినెట్లీ’ అని రాసి, క్రియావిశేషణం శుద్ధిగా చివరే ఉందని మన పెద్దమనిషి చేత సాక్షి సంతకం పెట్టించి కిరాణా కొట్టుకు తీసుకెళ్లండి. అగ్గిపెట్టె కూడా అరువు పుట్టదు.