వంటింటి పట్టా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమలోని కొల్చారం వాడు. మూలంలో లేని ముక్క ఒక్కటీ రాయనని ఒట్టు పెట్టుకున్న మహానుభావుడు. ఆ నియమం మీద మాకూ గౌరవం మెండు. అందుకే వంటింట్లో గట్టు పొడవునా నేలపై పరిచే పట్టా మీద, అంటే అంగట్లో రన్నర్ అని అమ్మేదాని మీద, వ్యాఖ్య రాయబూని ముందుగా మూలం కోసం వెతికాం. దొరకలేదు. వ్యాఖ్య ఆగకూడదు గనక మూలం కూడా మేమే రాసుకున్నాం.

మూలం

ఆ. తలుపు తెరచి చూచి తట్టుక పోకుండ
అటును నిటును బెత్తెడంత విడిచి
బారెడైన పట్ట పరచుము వంటింట
కొలిచి కొనిన యింట గొడవ లేదు.

ప్రతిపదార్థం

తలుపు = వంటింటి తలుపు, పెరటి తలుపు, ఫ్రిజ్ తలుపు, గట్టు కింది అరల తలుపులు (జాత్యేకవచనం); తెరచి చూచి = సగం కాదు, పూర్తిగా తెరిచి పరీక్షించి; తట్టుక పోకుండ = తలుపు గాని, కాలు గాని, సిలిండరు గాని అంచును తన్నకుండా; అటును నిటును = గట్టు వైపూ, ఎదుటి వైపూ; బెత్తెడంత = నాలుగు వేళ్ల వెడల్పు, సుమారు 3 అంగుళాలు; విడిచి = నేల కనబడేట్టు వదిలి; బారెడైన = చేతులు రెండూ చాచినంత, సుమారు 6 అడుగుల పొడవు గల; పట్ట = పట్టాను; వంటింట = వంటగదియందు; పరచుము = పరువుము; కొలిచి కొనిన = ముందు కొలిచి, తరవాత కొన్న; ఇంట = గృహమందు; గొడవ = ‘నేను అప్పుడే చెప్పానా?’ అని మొదలయ్యే సంభాషణ; లేదు = ఉండదు.

తాత్పర్యం

పట్టా కొలత పట్టాలో లేదు, దాని చుట్టూ మిగలాల్సిన నేలలో ఉంది. ముందు ఆ ఖాళీని కొలువు. మిగిలిందే నీ పట్టా.

విశేషాంశాలు

‘తలుపు తెరచి చూచి’ అనడంలో కవి హృదయం: కొలత కన్నా ముందు తలుపు. వంటింటి తలుపు కింద చాలా ఇళ్లలో అర అంగుళం సందు కూడా ఉండదు. ఒత్తుగా నూలు లేచిన తివాచీ కొంటే మొదటి రోజే తలుపు దాన్ని మడిచేస్తుంది. ఫ్రిజ్ తలుపు కింది సందూ చూసుకోవాలి. కనుక తలుపు రెక్క తిరిగే మేర వదిలి పట్టా పరవాలి. అది కుదరకపోతే రెక్క కిందికి సులువుగా దూరేంత పలచని నేత ఎంచుకోవాలి. సిలిండరు సంగతి వేరు. 14.2 కిలోల గ్యాసుకు ఇనుప డొల్ల బరువు కలిసి ముప్ఫై కిలోల దాకా తూగుతుంది. తెచ్చే కుర్రాడు దాన్ని వాల్చి, అడుగు అంచు మీద దొర్లించుకుంటూ గుమ్మం దాటిస్తాడు. ఆ దారికి అడ్డంగా పట్టా ఉంటే సిలిండరుతో పాటు అదీ గట్టు కిందికి చేరుతుంది.

‘బెత్తెడంత’ అన్నచోట వ్యాఖ్యాతల మధ్య వాదం. గట్టుకు ఆనించి పరిస్తే నిండుగా ఉంటుంది గదా అని పూర్వపక్షం. నిండుగానే ఉంటుంది, తడిగా కూడా ఉంటుంది. సింకు అంచు నుంచి కారిన నీరు నేల మీద పడితే కంటికి కనబడుతుంది, తడిగుడ్డతో తుడుస్తాం. పట్టాలో ఇంకితే వాసన వచ్చేదాకా తెలియదు. పైగా తుడిచే మనిషికి గుడ్డ ఆడే చోటు కావాలి. కాబట్టి బెత్తెడు కనిష్ఠం, జానెడు ఉత్తమం అని సిద్ధాంతం.

ఈ జానెడుకు దేశాంతర ప్రమాణం కూడా ఉంది. అమెరికాలోని నేషనల్ కిచెన్ అండ్ బాత్ అసోసియేషన్ వారు ఎదురెదురు గట్ల మధ్య, ఒకరే వండే ఇంట్లో 42 అంగుళాలు, ఇద్దరు వండే ఇంట్లో 48 అంగుళాలు దారి ఉండాలన్నారు. అంగట్లో రన్నర్లు ఎక్కువగా 2 అడుగులు, 2½ అడుగుల వెడల్పుల్లో దొరుకుతాయి. 42లో 24 తీసేస్తే 18, పక్కకు 9. 48లో 30 తీసేస్తే 18, పక్కకు 9. రెండు లెక్కలూ సరిగ్గా జాన దగ్గరే ఆగాయి. మన ఫ్లాట్లలో ఆ దారి 3 అడుగులే ఉన్నచోట 2 అడుగుల పట్టా వేస్తే పక్కకు 6 అంగుళాలు, అంటే రెండు బెత్తెలు. అదీ శాస్త్రసమ్మతమే. ఒకే గట్టు ఉండి ఎదుట ఖాళీ గది ఉంటే వెడల్పును కాళ్లు నిర్ణయిస్తాయి. పొయ్యి ముందు నిలబడ్డప్పుడు మునివేళ్లూ మడమలూ పట్టా మీదే ఉండాలి. మడమ ఒక మెట్టు, వేళ్లు ఒక మెట్టు అయితే గంట వంటకు రెండు గంటల కాలినొప్పి.

‘బారెడైన’: ఇక్కడ ‘మూరెడైన’ అని పాఠాంతరం చెప్పేవారున్నారు. సింకు ముందొకటి, పొయ్యి ముందొకటి మూరెడు ముక్కలు వేసుకునే సంప్రదాయం వారిది. అది గ్రాహ్యం కాదు. సింకు దగ్గర కడిగిన గిన్నెతో పొయ్యి దగ్గరికి నడిచేటప్పుడు రెండు ముక్కల మధ్య రెండు అంచులు. చూపు గిన్నె మీద ఉంటుంది, బొటనవేలు అంచు కింద ఉంటుంది. ఒకే పట్టా అయితే నడిచే దారిలో అంచే తగలదు. గట్టు 7 అడుగులైతే 6 అడుగుల పట్టా, 9 అడుగులైతే 8 అడుగులది. రెండు కొసల్లోనూ అరడుగు చొప్పున నేల మిగలాలి. గట్టు మూల తిరిగే ఇంట్లో పొడుగు వైపే పరవాలి. మూలలో ఒకదాని మీద ఒకటి ఎక్కించడం దోషం.

‘పట్ట’: పట్టా అనాల్సింది. గణం కుదరక కవి దీర్ఘం తీసేశాడు. పద్యంలో చెల్లింది గాని, నూలు పట్టా మొదటి ఉతుకులో కుంచించుకుపోతే ఇంట్లో చెల్లదు. అచ్చంగా సరిపోయేది కొన్నవారికి ఉతికాక పొట్టిపట్టా మిగులుతుంది కనుక రెండు మూడు అంగుళాలు ముందే కలుపుకోవాలి. ఏ నేత అంటే, ఊలు లేచిన ఏలూరు తివాచీ హాల్లో శోభిస్తుంది. వంటింట్లో పోపు వేగుతుంటే ఎగిరిన ఆవగింజ అందులో పడితే మళ్లీ దొరకదు, కాలికే తగులుతుంది. పడుగూ పేకా గట్టిగా బిగిసిన జంఖానా అయితే దులిపితే రాలిపోతుంది. వరంగల్లు కొత్తవాడ నేతగాళ్ల పని అదే. వరంగల్లు జంఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కింద జారకుండా రబ్బరు వల వేయడం విధి. అది పట్టా కన్నా నాలుగు వైపులా అంగుళం చిన్నదిగా ఉండాలి, లేకపోతే అంచు లేచి నిలబడుతుంది.

వ్యాకరణం: ‘పోకుండ’, ‘అటును’ల మధ్య సంధి చేయలేదు. దోషం కాదు. పాదాల మధ్య కొంత ఖాళీ వదలాలన్నదే ఈ కావ్య ప్రతిపాద్యం.

ఛందస్సు: ఆటవెలది. నున్నటి టైల్స్ మీద రబ్బరు వల లేని పట్టా తొక్కినవారు వేసే ఛందస్సు కూడా ఇదే.

‘కొలిచి కొనిన’: కొలవడమంటే టేపు ఒక్కటే కాదు. పాత దినపత్రికలు అంటించి, అనుకున్న కొలతకు కత్తిరించి, నేల మీద పరిచి ఒక పూట వంట చేయండి. ఫ్రిజ్ తెరవండి, సిలిండరు లాగండి, బియ్యం డబ్బా దించండి. కాగితం ఎక్కడ చిరిగితే అక్కడ పట్టా ఉండకూడదు. ఇంటి యజమాని ఎవరైనా, వండే మనిషి నిలబడి ఉండగానే ఈ కొలత తీయాలి. అంగట్లో కంటికి నచ్చినది ఇంట్లో కాలికి నచ్చకపోవడమే ఈ విషయంలో వచ్చే గొడవలకు మూలం.

ఫలశ్రుతి

ఈ వ్యాఖ్య చదివినవారు గట్టు పొడవులో ఒక అడుగు, ఎదురెదురు గట్ల మధ్య దారిలో ఒక అడుగు తగ్గించి, నూలు పట్టా అయితే ఉతుకులో పోయే అంగుళాలు కలిపి, ఆ రెండు అంకెలూ చీటీ మీద రాసుకుని అంగడికి వెళ్లండి. సరిగ్గా ఆ కొలత దొరక్కపోతే చిన్నదే కొనండి. పెద్దది చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి.