ఎదుటి పార్టీకి వకాల్తా

కోర్టు భాషలో కక్షిదారుని ‘పార్టీ’ అంటారు. మా ఊరి ప్లీడరు గారి నోట పాతికేళ్లు నానిన మాట అది. ‘ఏమోయ్ గుమాస్తా, గట్టు దావా పార్టీ వచ్చాడా?’ వచ్చేవాడు. కాగితాల కట్ట చంకలో, ఫీజు నోట్లు పంచె మడతలో. నోట్లు దిగేవి. దావా వాయిదా పడేది. గట్టు మాత్రం తేలలేదు. దాని మీద నాటిన టేకు మొక్క మానైంది.

విచారణలో ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వొద్దంటుంది సివిల్ ప్రొసీజర్ కోడ్. 2002 నుంచీ అంటూనే ఉంది. నవ్వొస్తోందా? నవ్వండి, దానికి ఫీజు లేదు.

అంతటి ప్లీడరు గారు నల్లకోటు విప్పి ఖద్దరు తొడిగారు. ప్రజల తరఫున వకాల్తా పుచ్చుకుంటానని మైకు పగిలేలా అరిచారు. మనం వేలికి సిరా పూయించుకుని వకాల్తా ఇచ్చొచ్చాం. ఎన్నికల ఖర్చు 40 లక్షల పరిమితి దాటలేదని లెక్క చూపించారు. బిర్యానీ పొట్లాలకైనా చాలిందా అని అడక్కండి. అఫిడవిట్లు రాయడంలో ఆయన చెయ్యి తిరిగినవారు.

ఏడాది తిరక్కుండా ‘నియోజకవర్గ అభివృద్ధి కోసం’ అధికార పార్టీ కండువా కప్పించుకున్నారు. నిన్నటిదాకా దొంగలని తిట్టిన వాళ్ల చేతే! ఆ మెడ వంచిన తీరు చూడాలి. ఏ జడ్జి ముందూ అంత వంగలేదు.

ఒక పార్టీ తరఫున పనిచేసిన వకీలు అదే వ్యవహారంలో ఎదుటి పార్టీకి హాజరు కాకూడదు. బార్ కౌన్సిల్ నియమమే. గట్టు తగాదాలో తప్పయింది అసెంబ్లీలో ఒప్పెలా అయింది? పార్టీ ఫిరాయింపులను ఆపడానికి 1985లో రాజ్యాంగంలోకి తెచ్చిన పదో షెడ్యూలు లేదా అంటారా? ఉంది. తేల్చాల్సింది స్పీకరు. ఎన్నాళ్లలో? ఆ ఊసే లేదు. తెలంగాణలో పదిమంది ఎమ్మెల్యేల సంగతి మూడు నెలల్లో తేల్చండని 2025 జూలైలో సుప్రీంకోర్టే చెప్పాల్సొచ్చింది. వాయిదాలకు లెక్క రైతుకే కాబోలు!

మా బార్ అసోసియేషన్ గోడ మీద ప్రకాశం పంతులు గారి ఫొటో ఉంది. కాసులు కురిసే ప్రాక్టీసును 1921లో వదిలేసి ఉద్యమంలో దూకిన మనిషి. ముఖ్యమంత్రిగా చేసీ ఏమీ వెనకేసుకోలేదు. ఏటా ఆయన జయంతికి, ఆగస్టు 23న, ఆ ఫొటోకి దండ వేసేది ఎవరనుకున్నారు? మన ఎమ్మెల్యే గారే. కెమెరా వైపు చూస్తూ.

మొన్న గట్టు రైతు ఆయన ఇంటికెళ్లాడు. చంకలో అదే కట్ట. గేటు దగ్గర పీఏ ఆపాడు.

‘నీదే పార్టీ?’

‘మొదట్నుంచీ అయ్యగారి పార్టీనే బాబూ. గట్టు దావా పార్టీని.’

‘అయ్యగారు ఊళ్లో లేరు. వచ్చే సోమవారం రా.’