లాభం కావాలి, పెట్టుబడి వద్దు

పసిపిల్లల మెదడు మీద మన పెద్దలకు ఈమధ్య మహా ప్రేమ పుట్టుకొచ్చింది. వేదికెక్కిన ప్రతివారూ ఆరేళ్లలోపే మెదడు 85 శాతానికి పైగా ఎదుగుతుందంటారు, 2020 జాతీయ విద్యావిధానమే చెప్పిందంటారు. ఆపైన నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్‌ను లాక్కొస్తారు. బాల్యం మీద పెట్టిన రూపాయికి ఏటా 7 నుంచి 10 శాతం రాబడి! ఇక చప్పట్లే చప్పట్లు.

ఆ లెక్క ఎక్కడిదో మాత్రం చెప్పరు. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఇప్సిలాంటి అనే ఊళ్లో 1962లో మొదలైన పెరీ ప్రీస్కూల్‌ది. అక్కడ సుమారు ఆరుగురు పిల్లలకు ఒక టీచరు. డిగ్రీ ఉన్న, శిక్షణ పొందిన టీచరు. వారానికోసారి పిల్లాడి ఇంటికెళ్లి తల్లితో కూర్చునేది కూడా. మనవాళ్లు గడుసువాళ్లు. రాబడి అంకెను పట్టుకొచ్చి, టీచరును అక్కడే వదిలేశారు.

మనకూ 1975 అక్టోబర్ 2 నుంచి అంగన్‌వాడీలున్నాయి. ఒకసారి లోపలికి తొంగిచూడండి. ఆయా పొయ్యి దగ్గర గుడ్లు ఉడకబెడుతుంటుంది. టీచరమ్మ సిగ్నల్ కోసం గుమ్మంలో నిలబడి, పోషణ్ ట్రాకర్ యాప్‌కు ఓ గర్భిణి ముఖం చూపిస్తూ, 'కళ్లార్పమ్మా, మళ్లీ ఆర్పు' అని బతిమాలుతుంటుంది. లోపల పిల్లలు చేతులు కట్టుకుని, నోటిమీద వేలేసుకుని కూర్చుంటారు. ఆ 85 శాతం ఎదిగేది ఈ భంగిమలోనే కాబోలు!

ఇంత రాబడి తెచ్చిపెట్టే ఈ టీచరమ్మకు కేంద్ర ప్రభుత్వం లెక్క 2018 నుంచి నెలకు 4,500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రం కలిపింది కూడా చేరి 11,500 చేతికొచ్చేది. చాలడం లేదని 2023 డిసెంబర్‌లో అక్కడి టీచరమ్మలు రోడ్డెక్కారు. సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో సర్కారుకు జ్ఞానోదయమై, ఇది అత్యవసర సర్వీసని, సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. జీతం అడిగినప్పుడు స్వచ్ఛంద సేవ, పని ఆపినప్పుడు అత్యవసర సేవ! గ్రాట్యుటీకి వీళ్లు అర్హులేనని చెప్పడానికి కూడా 2022లో సుప్రీంకోర్టే రంగంలోకి దిగవలసి వచ్చింది.

వక్తలకు ఒకటే మనవి. రాబడి చెప్పేముందు, ఎంత పెట్టారో చెప్పండి. పిల్లలకు సరిపడా టీచర్లను పెట్టి, వాళ్లకు బతకడానికి చాలినంత జీతమివ్వండి. ఆ తర్వాత మీరు ఎన్ని శాతాలు చెప్పినా చప్పట్లు కొడతాం. అప్పటిదాకా మా చేతులు ఖాళీ లేవు. అంగన్‌వాడీ పిల్లల్లాగే కట్టుకుని కూర్చున్నాం.